బాలల ఆటలు, దేహదారుఢ్యము, చలన నైపుణ్యము – ఒక పరిశీలన

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పిన మాట మనకందరికీ తెలిసినదే. ఆ మాటను పాఠశాల గోడలమీద వ్రాసుకున్నాము. వ్యాసరచన పోటీలలో వ్రాసి బహుమతులు కూడ పొందినాము. కాని ఆ భాగ్యము ఏ వయస్సులో సమకూరుతుంది, ఏ విధముగా సమకూరుతుంది, ఏ వయస్సు దాటితే సమకూర్చుకొనుట కష్టమవుతుంది అని ఆలోచించినవారు తక్కువ. ఈ వ్యాసములో ఆ సంగతినే నాకు తెలిసినంతవరకు విద్యార్థి సోదర సోదరీమణుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాను.

ప్రతి సంవత్సరము కొత్తగా చేరిన విద్యార్థులను మొదటి వారములో మైదానానికి తీసికొని వెళ్లడం నా అలవాటు. ఒక టెన్నిస్ బంతిని పది అడుగుల దూరంనుండి మెల్లగా విసిరి పట్టుకొమ్మంటాను. పదహారు, పదిహేడేండ్ల వారిలో కొందరు బంతి చేరకముందే కండ్లు మూసుకుంటారు. కొందరు దానిని రెండు చేతులతో రొమ్ముకు హత్తుకుంటారు. మూడు నాలుగేండ్ల పసివారు బంతిని పట్టుకొనే తీరు అదే. వీరు మందమతులు కారు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారే. శరీరములో లోపమున్న వారును కారు. మరి ఆ పిల్లల చేతులు మూడవ ఏటనే ఎందుకు ఆగిపోయినవి? ఈ ప్రశ్నకు సమాధానము కళాశాల మైదానములో దొరకదు. వారి బాల్యములోనికి వెళ్లి వెదకవలెను.

నాలుగు మాటలు, నాలుగు అర్థాలు

మొదట కొన్ని మాటల భేదమును గ్రహించవలసి ఉన్నది. కండరముల కదలిక వలన శరీరము శక్తిని వ్యయపరచే ప్రతి పనియు శారీరక శ్రమయే. నీళ్లబిందె మోయడము, మెట్లెక్కడము, బడికి నడిచి వెళ్లడము, వీధిలో గంతులు వేయడము అన్నియు ఇందులో చేరుతాయి. ఒక ఉద్దేశముతో, ఒక క్రమముతో, పదేపదే చేసే శ్రమను వ్యాయామము అంటాము. కావున వ్యాయామమంతా శ్రమయే గాని, శ్రమయంతా వ్యాయామము కాదు.

దేహదారుఢ్యము అనునది పని కాదు. ఆ పని ఫలితముగా శరీరము సంపాదించుకొన్న గుణము. దీనినే వాడుకలో ఫిట్‌నెస్ అంటున్నాము. గుండె, ఊపిరితిత్తులు ఎక్కువసేపు అలయక పనిచేయగల ఓర్పు, కండరముల బలము, ఆ బలమును నిలుపుకొనే శక్తి, కీళ్ల వంపు, శరీరములో కొవ్వుకు కండకు గల నిష్పత్తి – ఈ ఐదును ఆరోగ్య సంబంధమైన దారుఢ్యములో ముఖ్య భాగాలు.

చలన నైపుణ్యము వేరు. అవయవములను మనస్సు కోరినట్లు, తగిన సమయములో, తగినంత బలముతో కదల్చగల నేర్పు అది. బలమున్నంత మాత్రాన నేర్పు ఉన్నట్లు కాదు. బియ్యపు బస్తా ఎత్తగల యువకుడు సూదిలో దారము ఎక్కించలేకపోవచ్చును. చక్కగా దారమెక్కించగల బాలిక రెండు వీధులు పరుగెత్తలేకపోవచ్చును. శ్రమ, వ్యాయామము, దారుఢ్యము, నైపుణ్యము – ఈ నాలుగును ఒకటేనని తలచుటవల్లనే మన పాఠశాలలలో వ్యాయామ విద్య "లైనులో నిలబడి చేతులెత్తి దించుట"గా మిగిలిపోయినది.

నైపుణ్యము పుట్టుకతో వచ్చునా?

శిశువు ఎవరూ నేర్పకుండానే బోర్లపడుతుంది, కూర్చుంటుంది, నిలుచుంటుంది, నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశముతో సహా ఐదు దేశాల శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలనుబట్టి, ఆరోగ్యవంతులైన శిశువులు ఆధారము లేకుండ నడవడము దాదాపు ఎనిమిదవ నెలనుండి పదునేడున్నర నెలలలోపు ఎప్పుడైనను జరుగవచ్చును. పొరుగింటి శిశువు పదవ నెలలో నడిచినదని, మన శిశువు పదునాల్గవ నెల వచ్చినా నడవలేదని తల్లులు కలత చెందనవసరము లేదు. కొందరు శిశువులు చేతులు మోకాళ్లమీద ప్రాకకుండానే నడకకు వస్తారని కూడ ఆ పరిశీలన తెలిపినది.

అయితే నడకవరకు జరిగినదాని వలెనే తరువాతిదికూడ దానంతట అదే జరుగునని అనుకొనుట పొరపాటు. పరుగు, గెంతు, ఒంటికాలి కుంటు, దూకుడు – ఇవి శరీరమును ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చే నైపుణ్యాలు. విసరుట, పట్టుట, తన్నుట, కొట్టుట – ఇవి వస్తువును వశపరచుకొనే నైపుణ్యాలు. ఒంటికాలిమీద నిలుచుట, వంగుట, తిరుగుట – ఇవి నిలుకడకు సంబంధించినవి. ఈ మూడు తరగతులనూ కలిపి మౌలిక చలన నైపుణ్యాలంటారు. మూడవ ఏటనుండి ఏడెనిమిదేండ్లవరకు వీటికి అనువైన కాలము. ఈ కాలములో అవకాశము, అభ్యాసము, కొంత శిక్షణ ఉంటేనే అవి పరిపక్వమవుతాయి. లేనిచో శరీరము పెరుగుతుంది. నేర్పు మాత్రము పసితనములోనే ఉండిపోతుంది. నా మైదానములో కండ్లు మూసుకొన్న విద్యార్థుల కథ ఇదే.

ఇందుకు కారణము మెదడులో ఉన్నది. బంతిని పట్టుకొనునపుడు కన్ను దాని వేగమును చూడవలెను. అది ఎక్కడికి వచ్చునో మెదడు ముందే లెక్కకట్టవలెను. చేతులు ఆ చోటికి ముందుగా చేరి, బంతి తగిలిన క్షణమున వ్రేళ్లు మూసుకొనవలెను. చిన్నమెదడు ప్రతి తప్పునుండి ఒక సవరణను నేర్చుకుంటుంది. వంద తప్పులు చేసిన చేతికి నూటొకటవసారి బంతి దొరుకుతుంది. తప్పులు చేయుటకు తావివ్వని బాల్యము నేర్పునకుకూడ తావివ్వదు.

శ్రమకు, నేర్పునకు, దారుఢ్యమునకు గల చక్రసంబంధము

ఇక ముఖ్య విషయమునకు వచ్చెదము. ఎక్కువగా ఆడితే బలము వస్తుందని, నేర్పు వస్తుందని మనమందరము అంటాము. ఇది సత్యమే గాని సగము సత్యము. నేర్పు ఉన్నవాడే ఎక్కువగా ఆడతాడన్నది మిగిలిన సగము.

అమెరికా పండితుడు స్టాడెన్, ఆయన సహచరులు 2008లో ఈ సంబంధమును ఒక చక్రముగా వివరించినారు. వారి వాదము క్లుప్తముగా ఇది. పసితనములో శ్రమ నేర్పును పెంచుతుంది. ఎంత ఎక్కువ తిరిగితే, ఎంత ఎక్కువ విసిరితే అంత నేర్పు. బాల్యము నడుమకు వచ్చేసరికి దారి మారుతుంది. అప్పటికి నేర్పు సంపాదించిన పిల్లలు ఆటలకు ఎగబడతారు; అందువలన వారి ఓర్పు, బలము పెరుగుతాయి; ఓర్పు ఉన్నందున ఇంకను ఎక్కువసేపు ఆడతారు; ఆ ఆటవలన నేర్పు మరింత పదునెక్కుతుంది. నేర్పు లేనివారి చక్రము వెనుకకు తిరుగుతుంది. ఆడలేరు గనుక ఆడరు. ఆడరు గనుక అలసట త్వరగా వస్తుంది. అలసట వస్తుంది గనుక మరియు దూరమవుతారు. అంతకు చాల ముందే, 1980లో, సీఫెల్ట్ అనే పండితుడు ఒక అడ్డుగోడను గురించి చెప్పినాడు. మౌలిక నైపుణ్యాలు ఒక స్థాయికి చేరని పిల్లలు క్రికెట్, హాకీ, కబడ్డీ వంటి ఆటలలో ప్రవేశింపబోయి ఆ గోడకు తగిలి వెనుకకు వస్తారని ఆయన భావము.

ఈ చక్రములో మనస్సుకు కూడ పాత్ర ఉన్నది. ఐదేండ్ల పిల్లవానిని "నీకు పరుగు వచ్చునా?" అని అడుగుడు. "అందరికంటె నేనే ముందు" అంటాడు, చివరన వచ్చినా సరే. ప్రయత్నమునే నేర్పని భావించే వయస్సు అది. ప్రకృతి ఇచ్చిన వరము వంటిది ఆ అమాయకత్వము. దానివలననే పడినా లేచి మరల ఆడతాడు. ఎనిమిది, తొమ్మిదేండ్లు వచ్చేసరికి తోటివారితో తన్ను పోల్చుకొనుట తెలుస్తుంది. జట్లు ఎన్నుకొనునపుడు తన పేరు అందరికంటె చివర వినవచ్చుట గమనిస్తాడు. ఆ దినమునుండి "నాకు కాలు నొప్పి సార్" అని చెట్టుక్రింద కూర్చొనుట అలవాటవుతుంది. మనము వానిని సోమరి అంటాము. వాడు సోమరి కాడు, సిగ్గుపడిన పిల్లవాడు. కావున ఆ సిగ్గు పుట్టకముందే, అనగా మొదటి, రెండవ తరగతులలోనే, నేర్పును కలిగించవలసిన అవసరమున్నది.

శరీరములో జరుగు మార్పులు

శ్రమవలన దారుఢ్యము ఎట్లు కలుగునో కొంచెము చూచెదము. పరుగు, ఈత, సైకిలు తొక్కుట వంటి పనులలో గుండె వేగముగా కొట్టుకుంటుంది. ఈ పని నిత్యము జరిగితే ఒక్కొక్క కొట్టుడుకు గుండె పంపగల రక్తము పెరుగుతుంది. కండరములు ప్రాణవాయువును మరింత చక్కగా వినియోగించుకుంటాయి. అందుచేతనే అభ్యాసమున్నవాడు విశ్రాంతిలో ఉన్నపుడు నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది.

బలము విషయములో ఒక వింత కలదు. యౌవనము రాకముందు పిల్లలు బలాన్ని పెంచే వ్యాయామము చేసినచో బలము పెరుగుతుంది గాని కండలు అంతగా లావెక్కవు. నాడీమండలము కండర తంతువులను ఎక్కువ సంఖ్యలో, మంచి క్రమములో పనిలోనికి దింపుట నేర్చుకొనుటయే దానికి ముఖ్య కారణము. అనగా బాల్యములో బలముకూడ ఒకవిధమైన నేర్పే.

ఎముక సంగతి ఇంకను గమనింపదగినది. పెద్దవాని అస్థిపంజరములో ఉండే ఖనిజద్రవ్యములో సుమారు నాలుగవ వంతు, యౌవనారంభమున ఎదుగుదల ఉద్ధృతముగా ఉండే రెండు సంవత్సరములలోనే చేరుతుందని కెనడాలో పిల్లలను ఏండ్లతరబడి పరిశీలించినవారు తెలిపినారు. దూకుడు, గెంతుల తాకిడివలన ఎముక గట్టిపడుతుంది. టెన్నిస్ ఆడువారిలో రాకెట్టు పట్టే చేతి ఎముక రెండవ చేతి ఎముక కంటె దృఢముగా ఉంటుంది; చిన్ననాటనే ఆట మొదలుపెట్టిన స్త్రీలలో ఈ భేదము మరింత ఎక్కువ. ఏ వయస్సులో మన బాలికలను ఆటనుండి మాన్పిస్తున్నామో, సరిగా ఆ వయస్సులోనే వారి ఎముకలు జీవితకాలపు నిధిని కూర్చుకుంటున్నవి. ముసలితనములో తుంటి విరిగినపుడు ఆ లోటు బయటపడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అలసిపోయే ప్రతి పిల్లవాడును అభ్యాసము లేనివాడే కానక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో ఆరునెలలనుండి ఐదేండ్లలోపు పిల్లలలో 67 శాతము మంది రక్తహీనతతో ఉన్నారు. ఐదేండ్లలోపు వారిలో 35 శాతము మందికి పైగా వయస్సుకు తగిన ఎత్తు లేరు. ప్రాణవాయువును మోసే రక్తమే తక్కువైనపుడు పరుగెత్తుమని గద్దించిన ప్రయోజనమేమి? ఆటకు ముందు అన్నము ఉండవలెను. ఉపాధ్యాయుని కన్ను పిల్లవాని కాళ్లనే గాక, వాని కనురెప్పల లోపలి ఎఱుపును కూడ చూడవలెను.

కొలతలు చెప్పిన కథ

1950ల ఆరంభమున క్రౌస్, హిర్ష్‌లాండ్ అనువారు అమెరికా పిల్లలకును, ఐరోపా పిల్లలకును నడుము, పొట్ట కండరములకు సంబంధించిన ఆరు సులభ పరీక్షలు పెట్టినారు. అమెరికా పిల్లలలో 57 శాతమునకు పైగా ఏదో ఒక పరీక్షలో తప్పినారు. ఐరోపా పిల్లలలో తప్పినవారు తొమ్మిది శాతములోపే. ఆ పరీక్షలు దారుఢ్యమునంతటిని కొలవలేదని తరువాత విమర్శలు వచ్చినవి. అది న్యాయమైన విమర్శయే. అయినను ఆ వార్త ఆ దేశమును కదిలించినది. అధ్యక్షుడు ఐసన్‌హోవర్ 1956లో యువజన దారుఢ్యమునకై ఒక మండలిని నెలకొల్పినాడు. కార్లు, టెలివిజన్లు ఉన్న సంపన్న దేశములో పిల్లల శరీరములు బలహీనమగుచున్నవన్న భయము అప్పుడే మొదలైనది.

ఆ భయము నిరాధారము కాదు. ఇరువది మీటర్ల దూరమున గీసిన రెండు గీతల నడుమ, గంట శబ్దమునకు అనుగుణముగా వేగము పెంచుకొనుచు పరుగెత్తే పరీక్షను కెనడాకు చెందిన లెజే 1980ల ఆరంభమున రూపొందించినాడు. ఈ పరీక్షా ఫలితములను పందొమ్మిది దేశాలనుండి సేకరించి చూడగా, 1981 నుండి 2014 వరకు పిల్లల ఓర్పు సుమారు ఏడు శాతము తగ్గినట్లు 2019లో ప్రకటించిన పరిశీలన చెప్పినది. 2000 తరువాత ఆ క్షీణత చాలవరకు ఆగినదనుట కొంత ఊరట.

మన దేశములో ఖేలో ఇండియా పథకము క్రింద బడి పిల్లలకు దారుఢ్య పరీక్షలు ఏర్పరచినారు. ఐదునుండి ఎనిమిదేండ్ల వారికి ఎత్తు బరువుల నిష్పత్తితోపాటు, ఒంటికాలిమీద నిలుచు పరీక్ష, రెండు పలకలను మార్చి మార్చి త్వరగా తట్టే పరీక్ష ఉన్నవి. అనగా చిన్నపిల్లలలో చూడవలసినది నిలుకడ, చేతి చురుకుదనమని ఆ పరీక్షలే గుర్తించినవి. పెద్దపిల్లలకు యాభై మీటర్ల పరుగు, ఆరువందల మీటర్ల పరుగు లేక నడక, కూర్చొని ముందుకు వంగుట మున్నగునవి కలవు. ఈ పరీక్షలు అద్దము వంటివి. పిల్లవాడు నిన్నటి తనతో నేటి తన్ను పోల్చుకొనుటకు వాడవలెను గాని, తరగతిలో చివరివాడెవడో చాటుటకు కాదు.

మన వీధులే మన వ్యాయామశాలలు

ఇంతవరకు విదేశాల పేర్లు ఎక్కువ చెప్పినాను. కాని ఈ శాస్త్రమంతయు మన వీధులలో పేరు లేకుండ ఎన్నడో ఉన్నది. తొక్కుడుబిళ్ళను చూడుడు. గురిచూచి బిళ్ళ వేయవలెను. ఒంటికాలితో గడినుండి గడికి కుంటవలెను. గీత త్రొక్కకుండ ఆగవలెను. ఒంటికాలిమీదనే వంగి బిళ్ళ తీయవలెను. మౌలిక నైపుణ్యాల మూడు తరగతులును ఒక సుద్దముక్క ఖర్చుతో నేర్పే ఆట ఇది. కోస్తావారు బిళ్ళంగోడు అని, తెలంగాణమువారు చిర్రగోనె అని, ఉర్దూ మిత్రులు గిల్లీ దండా అని పిలిచే ఆటలో, గాలిలోనికి లేచిన చిన్న కొయ్యముక్కను కర్రతో కొట్టవలెను. కంటికి చేతికి పొత్తు కుదరవలెను. ఏడుపెంకులాటను మన నగరములో లింగోచా అంటారు. అందులో విసరుట, తప్పించుకొనుట, పరుగు, పెంకులను ఒకదానిమీదనొకటి పేర్చే సున్నితపు నేర్పు అన్నియు ఉన్నవి. కోతికొమ్మచ్చి భుజాలకు, పిడికిలికి బలమిస్తుంది. ఒప్పులకుప్ప తిరుగుడులో నిలుకడ నేర్పుతుంది. తాడాట ఎముకలకు తాకిడిని, కాళ్లకు లయను ఇస్తుంది. అచ్చనగాయలు, గోలీలు, బొంగరము వ్రేళ్లకు వ్రాతకంటె ముందు వ్రాత నేర్పుతాయి. చెడుగుడు ఊపిరిని, తెగువను ఒకేసారి పరీక్షిస్తుంది.

ఈ ఆటలలో మరియొక సుగుణము ఉన్నది. వీటికి భాషాభేదము లేదు. ఒకే గల్లీలో తెలుగు పిల్లవాడు, ఉర్దూ పిల్లవాడు ఒకరి మాట మరొకరికి సగము తెలిసినా ఆట మాత్రము పూర్తిగా తెలుస్తుంది. మన కళాశాల వంటి రెండు భాషల ఇంటికి ఇంతకంటె చక్కని వాకిలి వేరే లేదు.

ఈ సందర్భమున హైదరాబాదు గర్వింపదగిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబును స్మరింపవలెను. 1909లో ఈ నగరముననే జన్మించిన రహీమ్ సాహెబు ఉపాధ్యాయుడిగా పనిచేసినారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానమున నిలిచినది. 1963లో ఆయన కన్నుమూసినారు. చిన్న పిల్లలకు ఆయన పెట్టిన ఒక నియమమును పాతతరము వారు నేటికిని చెప్పుకుంటారు. కొన్ని పోటీలలో బంతిని వాటముకాని కాలితోనే తన్నవలెనట! బలహీనమైన కాలికి అవకాశమిచ్చినగాని అది నేర్వదని ఆ ఉపాధ్యాయునికి తెలుసును. ఇది ఫుట్‌బాలుకు మాత్రమే చెందిన సూత్రము కాదు. తరగతిలో వెనుకబడిన పిల్లవానికి కూడ ఇదే సూత్రము వర్తిస్తుంది.

ఎంత ఆడవలెను? ఎవరు ఆడుట లేదు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019, 2020 సంవత్సరములలో చెప్పిన సూచనలను క్లుప్తముగా వ్రాయుచున్నాను. మూడు నాలుగేండ్ల పిల్లలు దినమునకు మొత్తము మూడుగంటలకు తక్కువ కాకుండ కదలుచు ఉండవలెను; అందులో ఒక గంటయైనను ఒగర్పు వచ్చేటట్లు ఆడవలెను. తెర చూచుట ఒక గంటకు మించరాదు. ఐదునుండి పదునేడేండ్ల వారు సగటున దినమునకు అరువది నిమిషములు ఒక మోస్తరునుండి తీవ్రమైన శ్రమ చేయవలెను. వారమునకు మూడు దినములైనను కండరములకు, ఎముకలకు బలమిచ్చే పనులు ఉండవలెను.

ఆచరణ ఏమి? 146 దేశాలలో పదహారు లక్షల విద్యార్థుల వివరములను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్కలనుబట్టి, 2016 నాటికి పదకొండునుండి పదునేడేండ్ల బడిపిల్లలలో నూటికి 81 మంది ఈ అరువది నిమిషములకు నోచుకొనలేదు. బాలురలో 78 మంది. బాలికలలో 85 మంది. ఈ ఏడు సంఖ్యల భేదము వెనుక ఎన్ని మూసిన తలుపులున్నవో మనకు తెలియనిది కాదు.

గత సంవత్సరము ఒక విద్యార్థిని నాతో అన్న మాట ఇంకను నా చెవులలో ఉన్నది. క్రీడాదినము నాడు తోటివారు బలవంతము చేయగా ఆమె చెంచా–నిమ్మకాయ పందెములో నిలిచినది. గీత దాటిన తరువాత ఆయాసముతో నవ్వుచు, "ఆరవ తరగతి తరువాత పరుగెత్తడము ఇదే మొదలు సార్. కాళ్లకు మరచిపోలేదు!" అన్నది. ఏడు సంవత్సరములు ఆ కాళ్లు ఎదురుచూచినవి. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "పెద్దపిల్లవు అయినావు" అన్న ఒక్క మాట చాలినది. ఆమె తల్లిదండ్రులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కూతురు గౌరవముగా, భయము లేకుండ ఆడుకొనే చోటును మనము చూపలేదు. చూపనిచోటికి పంపలేదని వారిని నిందించుట న్యాయము కాదు.

మనము చేయదగినవి

విద్యార్థులారా! మీలో అనేకులు రేపు ఉపాధ్యాయులు కానున్నారు. అంతకంటె ఎక్కువమంది తల్లిదండ్రులు కానున్నారు. మీకు కొన్ని విన్నపములు.

మొదటిది: పరుగును శిక్షగా విధింపకుడు. ఇంటిపని చేయనందుకు మైదానము చుట్టు పదిసార్లు తిరుగుమన్నచో, పిల్లవానికి లెక్కలమీద ప్రేమ కలుగదు. పరుగుమీద ద్వేషము మాత్రము తప్పక కలుగుతుంది. అట్లే, పరీక్షలు దగ్గరపడినవని ఆటల పీరియడును లెక్కల మాస్టరుకు అప్పగింపకుడు.

రెండవది: ఓడినవానిని బయట కూర్చోబెట్టే ఆటలను చిన్న తరగతులలో తగ్గించుడు. అట్టి ఆటలలో అందరికంటె ముందు బయటకు పోవువాడు అందరికంటె తక్కువ నేర్పు గలవాడు. అభ్యాసము ఎవనికి ఎక్కువ కావలెనో వానికే తక్కువ దొరుకుతుంది. ఔటయినవాడు పదిసార్లు తాడు దూకి మరల ఆటలోనికి వచ్చునట్లు చిన్న మార్పు చేసిన చాలును.

మూడవది: నలుబదిమందికి ఒక బంతి ఇచ్చిన, ఒక్కొక్కనికి దొరకునది ఎదురుచూపే. పాతగుడ్డలతో బంతులు చుట్టుడు, ఇసుకసంచులు కుట్టుడు. ప్రతి ఇద్దరికి ఒకటి ఉండునట్లు చూడుడు. మెత్తని గుడ్డబంతితో మొదలుపెట్టిన పిల్లవాడు కండ్లు మూసుకొనడు.

నాల్గవది: పోల్చకుడు. ఎత్తులో, వేగములో పుట్టుకతో వచ్చిన భేదములు కొన్ని ఉండనే ఉంటాయి. అందరును ఆటగాండ్రు కానవసరము లేదు. బస్సు ఎక్కుటకు పరుగెత్తగల, తన బిడ్డతో బంతి ఆడగల, డెబ్బదవ ఏట నిలుకడగా నడవగల శరీరము ప్రతివానికి కావలెను.

ఇక కమిటీ పెద్దలకు వినయపూర్వకమైన మనవి. విద్యాహక్కు చట్టము, 2009, ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని తన షెడ్యూలులో పేర్కొన్నది. కళాశాలకు ఆ నియమము వర్తింపకపోవచ్చును. దాని భావము వర్తిస్తుంది. మన భవనము వెనుక ఉన్న ఖాళీస్థలములో స్కూటర్ల షెడ్డు వేయవలెనన్న ప్రతిపాదన ఉన్నదని విన్నాను. వాహనములకు నీడ కావలెను, కాదనను. కాని మన వీధిలో పిల్లలకు మిగిలిన చదరపు నేల అది ఒక్కటే. షెడ్డును ముందు గోడవెంబడి పొడవుగా వేసి, వెనుక స్థలమును విడిచిపెట్టుడని నా ప్రార్థన. ఉదయమున ఒక గంట బాలికలకు ప్రత్యేకించి, గోడకు తలుపు పెట్టి, ఒక అధ్యాపకురాలి పర్యవేక్షణ ఉంచినచో తల్లిదండ్రులు నిస్సంకోచముగా పంపుతారు. సాయంత్రము చుట్టుపక్కల చిన్నపిల్లలను రానిచ్చినచో, మన విద్యార్థులే వారికి ఆటలు నేర్పుతారు. ఖర్చు చెప్పవలెనన్న – కొంత సున్నము, నాలుగు తాళ్లు, కొన్ని బంతులు.

పుస్తకము చదువనివాడు పెద్దయిన తరువాత చదువుకొనవచ్చును. రాత్రి పాఠశాలలు ఉన్నవి. ఆడని బాల్యమునకు రాత్రి పాఠశాల అంత సులువుగా దొరకదు. ఆ విద్యార్థిని కాళ్లు మరచిపోలేదు గాని, ఏడేండ్లు పోగొట్టుకొన్నవి. ఆమె చెల్లెలు ఇపుడు ఐదవ తరగతిలో ఉన్నదట. ఆ బాలికకు ఆ ఏడేండ్లు దక్కునా దక్కదా అన్నది ఏ పండితుని సిద్ధాంతముమీదను ఆధారపడి లేదు. మన వెనుకవాకిటి నేలమీద ఆధారపడి ఉన్నది.